వెనకకాళ్ళ సెలవు

తెర ఇంకా లేవలేదు. హాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి, పిల్లలు అందరూ ఒక్కసారే అరుస్తున్నారు, ఆయన ఎడమకాలు మాత్రం స్టూలు మీద దిండు, దిండు మీద తువ్వాలు వేయించుకుని, తెల్లకట్టు చుట్టుకుని, పిలవకుండా వచ్చిన పెద్దమనిషిలా దర్జాగా చాపుకుని ఉంది. ఇన్నేళ్ళు ఈ హాల్లో పనిచేసినవాడికి ఇక్కడి కుర్చీలు ఇంత మెత్తగా ఉంటాయని ఇవాళే తెలిసింది. ఆయన చోటు ఎప్పుడూ అక్కడ, తెర అవతల, గుడ్డ గుర్రం కడుపులో, వెనక సగంలో, బావమరిది నడుం పట్టుకుని వంగి నిలబడ్డ చీకట్లో. శీతాకాలం సెలవులిచ్చారంటే రోజూ మధ్యాహ్నం పిల్లల నాటకం. నాటకంలో ఒక ముసలి పోస్టుమాను, ఆయన ఉత్తరాల సంచి మోసే ఒక మొండి గుర్రం. గుర్రానికి ముందరికాళ్ళు బావమరిది, వెనకకాళ్ళు ఈయన. టిక్కెట్లు చింపే ఆవిడ దగ్గర్నుంచి దీపాలు వేసే అతని దాకా అందరూ ఆయన్ని వెనకకాళ్ళూ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ముందరికాళ్ళకు బంధం వేయడం అంటారే, ఇక్కడ వెనకకాలికి వేశారు, అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు, నవ్వు మధ్యలో గుర్తొచ్చింది, ఇప్పుడు ఆ చీకట్లో తన చోట్లో వంగి నిలబడింది తన భార్య. గుర్రాన్ని కుట్టింది ఆవిడే, అతుకు వేసింది ఆవిడే, తోక ఊడితే కుట్టింది ఆవిడే, కానీ లోపలికి దూరడం ఇదే మొదలు.

కాలు. కాలు కింద పెట్టకూడదు. డాక్టరమ్మ రెండు ముక్కల్లో చెప్పింది, ఈ సెలవులు అయ్యేదాకా ఆ పాదం మీద బరువు పడకపోతే వేలు దక్కుతుంది, పడితే నా పూచీ లేదు అని. రేపు పొద్దున కట్టు విప్పి చూస్తుంది. అంతే కదా, కూర్చోవడమే కదా, ఇంతకన్నా సుళువైన పని లోకంలో ఉందా అనుకున్నాడు మొదట. కూర్చున్నాక తెలిసింది, తన ఎడమ పాదం ఎక్కడుందో తనకి తెలియదని. చూస్తే ఉంది. చూడకపోతే లేదు. మోకాలు తెలుస్తుంది, పిక్క తెలుస్తుంది, చీలమండ దాటాక ఊరు అయిపోయి పొలాలు మొదలైనట్టు, ఆ పొలాల్లో పొగమంచు దిగినట్టు, ఆ మంచులో ఎవరో ఉన్నారు గానీ పిలిస్తే పలకరు. ఉత్తరాలు రాయడం మానేసిన చుట్టంలా అయిపోయింది పాదం. మొదట్లో ఆలస్యంగా రాసేది, తర్వాత పొడిపొడిగా రాసేది, తర్వాత ఉత్త కార్డు, తర్వాత అదీ లేదు, అయినా మనం మాత్రం ఎవరడిగినా ఆ, బావున్నారండీ, కులాసాయే అని చెబుతూనే ఉంటాం. ఇప్పుడు దీపాలన్నీ ఆరాయి. చీకట్లో కాలు మాయమైంది. స్టూలు మీదే ఉందా? కిందికి జారిందా? వంగి చేత్తో తడిమాడు. ఉంది. చల్లగా, కట్టు గరుగ్గా, వేళ్ళు అయిదూ వరసగా ఉన్నాయి. చేతికి తెలుస్తోంది, కాలికి తెలియడం లేదు, తన ఒంటిని తనే ఎవరిదో ముట్టుకున్నట్టు ముట్టుకోవడం ఎంత వింత.

తెర లేచింది. వచ్చింది గుర్రం. అమ్మో, ఇంత ఎత్తా ఇది. లోపల్నుంచి ఎప్పుడూ అది చెమటవాసన, జిగురువాసన, బావమరిది వీపు, అంతే. బయట్నుంచి చూస్తే దానికి కళ్ళున్నాయి, రెప్పలున్నాయి, చెవి ఒకటి కొంచెం వాలి ఉంది, ఆ వాలిన చెవిలో ఎంత పొగరుందో. వెనకకాళ్ళు కాస్త పొట్టిగా ఉన్నాయి ఇవాళ, అందువల్ల గుర్రం ఏదో ఎక్కబోతున్నట్టు పైకి చూస్తూ నడుస్తోంది. పర్వాలేదు, నడుస్తోంది. అక్కా తమ్ముడూ కదా, అడుగు అడుగుకీ కలవకపోయినా పంతం పంతానికి కలుస్తుంది. చిన్నప్పుడు ఒకే సైకిలు మీద బడికెళ్ళేవాళ్ళట, ఎవరు తొక్కాలో తేలక సగం దూరం నడిపించుకుంటూ వెళ్ళేవాళ్ళట. ఆయన చెవులు రిక్కించాడు. ముందరికాళ్ళ తట్టు వినపడదేం? ఒకటి తడితే నడు, రెండు తడితే ఆగు, మూడు తడితే కూర్చో. చూపు లేని వెనక సగానికి అదే చూపు. అందుకే ఇద్దరూ పల్చటి గుడ్డ జోళ్ళే వేసుకునేవాళ్ళు, బావమరిది మడమతో కొట్టిన దెబ్బ చెక్కలోంచి పాకి తన అరికాల్లోకి ఎక్కేది, నీళ్ళల్లో రాయి వేస్తే ఒడ్డు దాకా అల వచ్చినట్టు. ఆ అల కోసమే బతికినట్టుండేది ఒకప్పుడు. అరికాలితో వినేవాడు. పోస్టుమాను నవ్వుతున్నాడో తుమ్మబోతున్నాడో, ముందు వరసలో పిల్లలు కూర్చున్నారో లేచారో, అన్నీ చెక్క చెప్పేది. ఇంట్లో కూడా అంతే, పడుకుంటే మంచంకోళ్ళలోంచి తెలిసేది ఆవిడ వంటింట్లో ఉందా, మిషను దగ్గరుందా అని.

పోయిన చలికాలమే మొదలైంది. చలికి తిమ్మిరి అనుకున్నాడు, ఎవరైనా అదే అనుకుంటారు, చలి అంత మంచి సాకు ఇంకోటి లేదు. ఆవిడ మాత్రం అనుకోలేదు. షుగరు వచ్చిందని తెలిసిన రోజునుంచి ఆవిడ ఆయన పాదాలకి తల్లిలా తయారైంది. మరీ వేడినీళ్ళు కాదు, ముందు మోచెయ్యి పెట్టి చూడండి. వేళ్ళ సందుల్లో తుడవండి, అక్కడ తడి ఉంచకండి. మడమలకి నూనె రాయండి, సందుల్లో రాయకండి. బిగుతు సాక్సు వద్దు, పిక్క మీద గీత పడుతోంది చూడండి. జోళ్ళు తొడిగే ముందు దులపండి. హీటరుకి కాళ్ళు చాపకండి, కాలేది తెలియదు మీకు. ఈ చివరిదానికి ఆయనకి కోపం వచ్చేది, నాకు తెలియదా, నా కాలు నాకు తెలియదా అని, అరికాలి మంట నెత్తికెక్కేది అందామంటే అరికాల్లో మంటే లేదు, అదే కదా అసలు బాధ. పైగా సెలవులు. సెలవుల్లో ఎవరి కాళ్ళు ఎవరి మాట వింటాయి? అందరూ కొత్త జోళ్ళు కొనుక్కుంటారు, కరిచినా వేసుకుంటారు, పొద్దస్తమానం నిలబడతారు, ఇంటింటికీ తిరుగుతారు, ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక మిఠాయి పెడతారు, వద్దంటే ఒక్కటే కదా అంటారు, ఒక్కటొక్కటే ఎన్నయ్యాయో ఎవరికెరుక. ఆవిడ అద్దం కూడా కొంది, చిన్నది, రోజూ పడుకోబోయే ముందు కింద పెట్టి అరికాలు చూసుకోమని. చూసుకున్నాడు కొన్నాళ్ళు. అద్దంలో అరికాలు ముసలివాడి మొహంలా కనిపించి, పలకరించబుద్ధి కాక మానేశాడు. చూశారా అని ఆవిడ అడిగితే ఆ అనేవాడు. ఆ అనడం ఎంత తేలిక, నోరు తెరిస్తే చాలు అదే వస్తుంది.

ఈ సెలవుల్లో ఆట మొదలయ్యేసరికి బావమరిది తట్టు అందడం మానేసింది. గట్టిగా తట్టరా, నిద్రపోతూ తడుతున్నావా అన్నాడు ఆయన. తడుతూనే ఉన్నాను బావా, నీకు చెవుడొచ్చిందా అన్నాడు వాడు. చెవితో వినేది కాదురా. మరి దేంతో వినేదో దాన్ని బాగుచేయించుకో. అలా రోజూ గుర్రం కడుపులో గుసగుసగా యుద్ధం. వాడు మడమతో దంచడం మొదలెట్టాడు. గుర్రం మరీ కోపిష్టిదైపోయిందని పిల్లలు చప్పట్లు కొట్టారు, పోస్టుమాను వేషగాడు పొగిడాడు, ఇంకాస్త దంచాడు వాడు. పాత చెక్కలు. పాత మేకులు. దంచగా దంచగా ఒక మేకు మెల్లగా తల ఎత్తింది. వంతెన దగ్గర గుర్రం మొరాయించే చోట, ఆయన ఎడమకాలు రోజూ పడే చోట. వేలి కింద ఎప్పుడు దిగిందో ఆయనకి తెలియదు. నాట్యం కూడా చేశాడు దాని మీద. ముందు వరసలోంచి ఒక పిల్ల, అమ్మా, గుర్రానికి నెత్తురు అంది. ఊరుకో, రంగు అంది తల్లి. హాలంతా రంగనే అనుకుంది. ఆయన లోపల నవ్వుకున్నాడు కూడా, ఏం ఊహలు ఈ పిల్లలవి అని. ఆట అయ్యాక ఆవిడ గుడ్డ విప్పుతూ కింద చూసింది. జోడు తీసింది. తల ఎత్తి చూసింది. నొప్పి లేదా? లేదు. ఆ లేదు అన్నప్పుడు ఆవిడ మొహం, ఆ మొహాన్ని ఆయన ఇంకోసారి చూడలేడు. బావమరిది అయితే నేల మీద కూర్చుని తన మడమ తనే కొట్టుకున్నాడు, నా వల్లే బావా, నేనే పొడిచాను నిన్ను అని. నువ్వు కాదురా, నేను తెలియడం లేదని చెప్పి ఉంటే నువ్వు దంచేవాడివా, అందామనుకున్నాడు. అనలేదు. నోట్లో ఆ మాట అట్టే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది, నాలుక కింద.

డాక్టరమ్మ మంచిదే, నవ్వుమొహం. ఈ సెలవుల్లో నాకు పాదాలే పండగండీ అంటుంది, కొత్త జోళ్ళ పాదాలు, హీటరు పాదాలు, మిఠాయి పాదాలు, గుర్రం పాదం మాత్రం మీదే మొదలు అంది. కళ్ళు మూసుకోమంది. సన్నటి తీగలాంటి దారం పట్టుకుని అరికాల్లో అక్కడక్కడ ముట్టిస్తాను, తెలిసినప్పుడల్లా ఆ అనండి అంది. మూసుకున్నాడు. చీకటి. చీకట్లో పని ఆయనకి కొట్టినపిండి. ఎప్పుడు రావాలో ఎప్పుడు ఆగాలో చీకట్లో పసిగట్టేవాడు కదా. ఆ. కాసేపాగి, ఆ. మళ్ళీ, ఆ. లయ తప్పకుండా, తాళం వేసినట్టు, ఎంతో బాగా అంటున్నానే అనుకున్నాడు. కళ్ళు తెరవండి అంది. తెరిచాడు. దారం బల్ల మీద ఉంది, ఆవిడ చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి. నేనింకా మొదలుపెట్టలేదండీ. నర్సు మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు కదిలాయి. ఆయనక్కూడా నవ్వొచ్చింది, సిగ్గుతో కలిసిన నవ్వు, చెవులు వేడెక్కిన నవ్వు. డాక్టరమ్మ మాత్రం అప్పుడు నవ్వలేదు. మీ కాలు బాగుచేయడం నా పని, చేస్తాను. కానీ ముందు బాగుపడాల్సింది మీ నోరు. తెలిసిందానికి ఆ, తెలియనిదానికి లేదు. అది చెప్పగలిగిన రోజున మిమ్మల్ని మళ్ళీ గుర్రంలోకి పంపిస్తాను, చెప్పలేకపోతే వేలు దక్కినా పంపించను.

గుర్రంలోకి. ఎందుకంత పాకులాట గుర్రంలోకి? పెద్దమనిషి, జుట్టు నెరిసినవాడు, వంగి వంగి నడుం పట్టేసినవాడు. ఎందుకో ఆయనకి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. కుర్రతనంలో ఒక్కసారి మొహంతో వేషం వేశాడు. నాలుగు మాటలు చెప్పాలి. ఎదురుగా అన్ని మొహాలు చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు, మాట రాలేదు, ఎవరో పక్కకి లాక్కెళ్ళారు. ఆ తర్వాత ఈ గుర్రం దొరికింది. మొహం అక్కర్లేదు, పేరక్కర్లేదు, మాట అక్కర్లేదు, రెండు కాళ్ళుంటే చాలు. చీకట్లో వంగి నిలబడితే ఆయన ఎంత ధైర్యవంతుడో. బయట ఎవరో నవ్వుతుంటే, అది ముందున్న తలకాయని చూసి నవ్వుతున్నారులే, బావమరిది చెవులు ఆడిస్తున్నాడు కాబోలు, ఆ నవ్వులో మనకీ ఒక పిసరు వాటా ఉంటుందిలే అని సంతోషపడేవాడు. అలాంటివాడు పాదాలు పలకడం లేదని ఎలా చెబుతాడు? పాదాలు తీసేస్తే ఇంక మిగిలేదేముంది లోపల? ఆ భయం ఎంతో పెద్దదనుకున్నాడు, కానీ ఇప్పుడు, ఈ మెత్తటి కుర్చీలో, పక్కన ఎవరి పిల్లో తన చేతి మీద చెయ్యి వేసి పోస్టుమాన్ని చూస్తుండగా, తీరిగ్గా చూస్తే, అది అంత పెద్దగా ఏం లేదు. హాల్లో వెచ్చగా ఉంది. పిల్ల చెయ్యి జిగటగా ఉంది, మిఠాయి తింటోంది.

వంతెన వచ్చింది. పోస్టుమాను కళ్ళెం లాగాడు, గుర్రం ఆగింది, ఇప్పుడు వెనకకాళ్ళు చతికిలబడాలి. పడలేదు. పడకపోగా ముందుకొచ్చాయి. వీపు మధ్యలో మూపురం లేచింది. గుర్రం ఒంటె అయిపోయింది. ముందరికాళ్ళు ఆగి ఉన్నాయి, వెనకకాళ్ళు ఇంకో అడుగు వేశాయి, మూపురం ఇంకా లేచింది, కుట్లు బిగిశాయి, ఎక్కడో పటుక్కుమంది. కూర్చో, కూర్చోమ్మా, కూర్చో. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. మోకాలు తెలుస్తోంది, మోకాలు కదిలింది, కాలు గాల్లో ఉంది, లేక నేల మీద ఉందా? దిగిందా? బరువు పడిందా? పడితే తెలియదు, మేకు దిగినా తెలియని కాలు. వేదిక మీద ఆవిడ చీకట్లో ఉంది, ఇక్కడ తను చీకట్లో ఉన్నాడు, ఇద్దరికీ కాలు ఎక్కడుందో తెలియదు. ఒక్క గెంతులో అక్కడికి పోగలడు, మెట్లు ఎన్నో ఏది వదులో తెలుసు, గుడ్డ పైకెత్తి దూరితే చాలు. ఒళ్ళంతా అటే పరుగెడుతోంది, ఎడమకాలు ఒక్కటే ఏ కబురూ పంపకుండా ఎక్కడో ఉంది. ఆయన ఆగాడు. లేచినవాడు లేచినట్టే, సగంలో, వేలాడుతూ ఆగాడు. తర్వాత చాలా నెమ్మదిగా, వేడినీళ్ళలో మోచెయ్యి పెట్టినంత నెమ్మదిగా, చెయ్యి కిందికి పోనిచ్చి, పిక్క మీదుగా, చీలమండ మీదుగా, పాదం దాకా వెళ్ళి పట్టుకున్నాడు. గాల్లో ఉంది. స్టూలు దాటింది, నేల తాకలేదు. పిల్లిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి దిండు మీద పెట్టాడు. కుర్చీలో వెనక్కి కూలబడ్డాడు.

అప్పుడు వినపడింది హాలు. నవ్వు. ఇన్నేళ్ళలో ఇంత నవ్వు లోపలికి చేరలేదు ఎన్నడూ. వేదిక మీద వెనకకాళ్ళు ఒక కాలు మీద ఒక కాలు వేసి, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా, ముందుసగం ఏం తేలుస్తుందో చూద్దాం అన్నట్టు నిలబడ్డాయి. గుర్రం పొట్ట కింద గుడ్డ కాస్త పైకి లేచి, ముందునుంచి వెనక్కి పోతున్న తాడు ఒకటి కనిపించింది. ఓహో, అందుకా తట్టు వినపడంది. తాడు కట్టుకున్నారు, వాడు లాగితే ఈవిడకి తెలియడానికి. ఇప్పుడు ఆ తాడు బిగిసింది, లాగుతున్నది వాడు కాదు, ఈవిడ. ముందరికాళ్ళు తమ్ముడి కాళ్ళలా, ఇష్టం లేకుండా, ఒక్కో అడుగే వెనక్కి వచ్చాయి. పోస్టుమాను టోపీ తీసి తల గోక్కుని, నేను ఇన్నాళ్ళూ కళ్ళెం తప్పువైపు కట్టాను కాబోలు అన్నాడు. పిల్లలు కుర్చీలెక్కారు. పక్కనున్న పిల్ల ఆయన చేతిని ఊపేస్తోంది. ఆయన చుట్టూ చూశాడు, చీకట్లో తెల్లగా మెరిసే కళ్ళు, ఒక్క కన్ను కూడా గుర్రం తలకాయ వైపు లేదు, అన్నీ వెనకకాళ్ళ మీదే.

"ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాడు పిల్లని. "వెనకకాళ్ళనే చూస్తారా మీరు?"

"ముందుది ఉత్త గుర్రం కదా," అంది పిల్ల, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "మొండిది వెనకది."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు, ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో పాదం.

ఆట ముగిశాక గుర్రం వేదిక దిగి పిల్లల మధ్యకి వస్తుంది, ముట్టుకోనిస్తారు. వచ్చింది. మెడ నిమిరించుకుంటూ, తోక పీకించుకుంటూ వరసలు దాటి వచ్చింది. ఆయన కుర్చీ పక్కకి వచ్చేసరికి ముందుసగం వెళ్ళిపోతుంటే వెనకసగం ఆగిపోయింది.

"ఏమండీ," అంది గుర్రం పిర్రలోంచి ఒక గొంతు, ఆయాసంతో. "కాలు?"

ఆ అనబోయాడు. నోరు అలవాటుగా తెరుచుకుంది. మూశాడు. వంగి చేత్తో చూసుకున్నాడు.

"స్టూలు మీదుంది. మధ్యలో ఒకసారి లేచాను. నేల తాకలేదు, పట్టుకుని పైన పెట్టాను."

తర్వాత గుర్రం వెనకకాలు ఒకటి పక్కకి వచ్చి, గుడ్డ జోడులోని వేళ్ళతో కట్టు లేని ఆయన కుడి పాదాన్ని మెత్తగా నొక్కింది.

"ఇది తెలుస్తోందా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తొందరపడలేదు. హాలంతా అరుస్తోంది, దానిలోంచి పాదం ఏమంటుందో వినడానికి ఎదురుచూశాడు.

"మడమ దగ్గర తెలుస్తోంది. మధ్యలో కొంచెం. వేళ్ళ దగ్గర లేదు."

"సరే. రేపు డాక్టరమ్మకీ ఇలాగే చెప్పండి."

"చెబుతాను. అది సరేగానీ, వంతెన దగ్గర ఏమైంది నీకు? ప్రాణం పోయింది నాకు."

"తాడు వదులండీ. వాడు లాగితే నా దాకా అందదు. నాకది మూరెడు పొడుగు."

"మరి నీకు సరిపడా కొయ్యొచ్చు కదా!"

"నాకెందుకు కోస్తాను?" అంది గొంతు. "మీ చేతి కొలతకి కోశాను."

"అక్కా, నడు! మెడ విరుగుతోంది," అన్నాడు ముందునుంచి బావమరిది.

"ఉండరా, మీ బావతో మాట్లాడుతున్నాను."

"గుర్రం వెనకనుంచి మాట్లాడుతోంది!" అని కేక పెట్టింది పిల్ల, ఇంకో పదిమంది పిల్లలు అటు పరిగెత్తుకొచ్చారు. తాడు బిగిసింది, ముందరికాళ్ళు కదిలాయి, వెనకకాళ్ళు తీరిగ్గా, రెండడుగులు ఆలస్యంగా, వాటి వెంట వెళ్ళాయి.